ఊటీ హోటలుకు కట్టుకున్న చీర

మా పెళ్ళయి ముప్పై ఏళ్ళు నిండుతున్నాయని మా అమ్మాయి మమ్మల్నిద్దరినీ ఊటీకి పంపింది. పెళ్ళయ్యాక తను బెంగళూరులో ఉంటుంది. కారు తనే మాట్లాడింది, గది తనే మాట్లాడింది, పాతకాలపు బంగళాలో నడిపే ఒక పెద్ద హోటల్లో ఒక పూట భోజనానికి ముందుగానే బల్ల కూడా బుక్ చేసింది. మేమిద్దరం అంతకుముందు తిరుపతి వెళ్ళాం, మంత్రాలయం వెళ్ళాం, కానీ వెంట పదిమంది చుట్టాలు లేకుండా ఎక్కడికీ వెళ్ళలేదు. అన్నీ కుదిరాక అమ్మాయి ఫోన్లో ఒక మెసేజ్ పెట్టింది. ఆ హోటలుకు ‘స్మార్ట్ క్యాజువల్’ బట్టల్లో రావాలట.

నేను ఇంటర్ దాకా చదివినదాన్నే. రెండు మాటలకూ విడివిడిగా అర్థం తెలుసు. రెండూ కలిస్తే ఏం కట్టుకోవాలో మాత్రం తెలియలేదు. మా ఆయనకు హిందూపురం బజారులో చీరల అంగడి ఉంది. బట్టల సంగతి ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని వెళ్ళి అడిగాను.

“ఇస్త్రీ చేసిండాలని” అన్నారు, తడుముకోకుండా.

సాయంత్రం అమ్మాయే ఫోన్ చేసింది. “నాయనకు పంచె వద్దుమా. ప్యాంటు, షూస్ వేసుకోమను. చెప్పులతో పోతే లోపలికి రానీరంట. నువ్వు పట్టుచీర కట్టుకోవద్దు, అందరూ నిన్నే చూస్తారు.”

“చూస్తే ఏమే? పట్టుచీరలు అమ్ముకునే ఇల్లు మనది.”

“అందుకే చెప్తాండా” అంది.

ఆయన రోజూ కట్టేది తెల్ల పంచె. ఉన్న ఒక్క ప్యాంటు అమ్మాయి పెళ్ళి రిసెప్షన్‌కని కుట్టించినది. తీసి వేసుకుంటే గుండీ ఒకవైపు, కాజా ఒకవైపు, మధ్యలో ఆయన పొట్ట. టైలరు నడుము వదులు చేసి ఇచ్చాడు. కొత్త షూస్ కొన్నాం. అవి అడుగు పడ్డప్పుడల్లా కిర్రుమనేవి. అలవాటు కావాలని ఆయన ఇంట్లోనే వేసుకుని తిరుగుతుంటే, “దేవుని గూడుండాది, ఈడ బూట్లతో తిరుగుతాండావేమిరా” అని మా అత్త కేకలు వేసింది. ఏదైతేనేం, ఆయన సంగతి తేలింది. నాదే తేలలేదు.

చీరల అంగడివాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళకు చీరలకేం లోటు అని ఊరు అనుకుంటుంది. నిజమే, లోటు లేదు. నా బీరువా తలుపు మూతపడదు. కానీ అందులో నేను ఎంచుకున్న చీర ఒక్కటీ లేదు. మా ఇళ్ళలో పద్ధతి అది. పోయే సరుకు అంగట్లో ఉంటుంది, పోనిది ఇంటికి వస్తుంది. అంచులో పోగు తప్పినది, జరీ నల్లబడినది, మడత మీద రంగు వెలిసినది, అన్నీ నావే. అంగడి ముందర నిలబెట్టిన బొమ్మ చీర ఒకవైపు ఎండకు వెలిస్తే, ఆ వైపు కుచ్చిళ్ళలోకి పోయేలా కట్టుకోవడం నాకు బాగా వచ్చు. నేనూ ఆ బొమ్మా అక్కాచెల్లెళ్ళమని మా అక్క ఎగతాళి చేస్తుంది. బొమ్మే పెద్దదట, అందుకే ముందు దానికి కడతారట. మా అత్త కూడా అట్లా కట్టిందే, ఆమె అత్తా అంతే. మంచి సరుకంతా ఇంట్లోవాళ్ళే కట్టేసుకుంటే వ్యాపారం ఏం కావాలని అందరికీ తెలుసు కాబట్టి, ఎవరూ ఏమీ అనుకోలేదు.

పెళ్ళిళ్ళకు మాత్రం వేరే లెక్క. అప్పుడు ఆయన కొత్త సరుకులోంచి భారీ చీర ఒకటి తెచ్చి ఇస్తారు. అది నాకోసం కాదు, చూసేవాళ్ళ కోసం. నా హ్యాండ్‌బ్యాగులో అంగడి కార్డులు కూడా ఆయనే పెడతారు. ఎవరైనా చీర బాగుందంటే నేను నవ్వి ఒక కార్డు చేతిలో పెట్టాలి.

ఊటీకీ అట్లాగే తెచ్చారు. చిలకపచ్చ చీర, జానెడు ఎర్రంచు, కొంగు నిండా నెమళ్ళు.

“పెద్ద హోటలు గదా, నలుగురూ చూస్తారు” అన్నారు.

“ఊటీకొచ్చేవాళ్ళు హిందూపురం వచ్చి కొంటారా?”

“వ్యాపారం యాడైనా వ్యాపారమే.”

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళకు ఒకసారి ఊరు దాటి, మమ్మల్ని ఎవరూ ఎరగనిచోట, వడ్డించే పని లేకుండా కూర్చుని తినబోతున్నాను. ఆ ఒక్క పూటైనా నేను ఎంచుకున్న చీర కట్టుకోవాలనిపించింది. నాకు విభూది రంగు ఇష్టం, దానికి సన్నటి అంచు. మా అంగట్లో ఆ రంగు పెట్టరు. పెళ్ళిళ్ళకు ఎవరూ కొనరని ఆయన తెప్పించరు. తెప్పించరు కాబట్టి అది మిగిలిపోయి నాకు వచ్చే అదృష్టం కూడా లేదు.

హిందూపురంలో ఇంకొకరి అంగడి మెట్లెక్కితే నేను ఇల్లు చేరేలోపు కబురు చేరుతుంది. అందుకని ధర్మవరం పోదామనుకున్నాను. పెనుకొండలో ఉండే మా అక్కకు ఒంట్లో బాగాలేదని ఇంట్లో చెప్పి పొద్దున రైలెక్కాను. పెనుకొండ స్టేషన్లో ఆ ఒంట్లో బాగాలేని మనిషి చిత్రాన్నం డబ్బాతో సహా ఎక్కి నా పక్కన కూర్చుంది.

“ఇంటి నిండా చీరలు పెట్టుకోని ధర్మవరం పోతాండావు. పొరుగింటి పుల్లకూర రుచంటే ఇదే” అంది.

“మా ఇంటి కూర నాకెప్పుడు పెట్టినారే? మిగిలింది గదా నేను తినేది” అన్నాను. అక్క చిత్రాన్నం డబ్బా మూత తీసి నా ఒళ్ళో పెట్టింది.

మా ఆయన సరుకు కొనే వీధి వదిలేసి, వేరే సందులో ఒక అంగడికి వెళ్ళాం. పరుపు మీద కూర్చుని నాకు కావలసింది చెప్పాను. “ముసిలోళ్ళ రంగు” అని అక్క మూతి విరిచింది. నేను వినలేదు. చాలా చీరలు విప్పించాక ఒకటి దొరికింది. విభూది రంగుకు వేలెడంత మామిడిపండు రంగు అంచు. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

పొరపాటు అప్పుడే జరిగింది. ఆ సంతోషంలో అక్కతో మాట్లాడుతూ, చూసి వద్దనుకున్న చీరలన్నీ ఒక్కొక్కటిగా మడత పెట్టి అమ్మే ఆయన వైపు జరిపాను. అంచుకు అంచు కలిపి, పాత మడత మీదే, కొంగు పైకి వచ్చేలా. కొనడానికి వచ్చినవాళ్ళు చీరలు విప్పిస్తారే గానీ మడత పెట్టరు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని కళ్ళద్దాలు పైకి తోసుకుని నా చేతులనే చూశాడు.

“ఏమ్మా, యాడ మీ అంగడి?”

నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. అక్క అందుకుంది. “అంగడి యాడిదప్పా? మా చెల్లెలు టీచరమ్మ.”

ఆయన నవ్వి బిల్లు రాసుకున్నాడు. చీర అక్క దగ్గరే ఉంచాను. పెనుకొండలోనే జాకెట్టు కుట్టించి, చీర కొసకు పసుపు రాసి, మేం బయలుదేరే ముందు అక్కే తెచ్చి ఇచ్చింది. బ్యాగులో స్వెట్టర్ల అడుగున పెట్టాను.

భయం లేదంటే అబద్ధం. ఆ ఇంటి ఆడమనిషికే ఆ అంగట్లో చీర నచ్చలేదట అనే మాట పుడితే, అంగడివాళ్ళ మధ్య ఆయన తలెత్తుకోలేరు. అది నాకు తెలుసు. కానీ ఆ చీర కట్టుకోకుండా ఊటీ నుంచి తిరిగొస్తే ఇక జన్మలో కట్టుకోనని కూడా తెలుసు.

ఊటీలో రెండో రోజు సాయంత్రం భోజనానికి తయారయ్యాం. ఆయన ప్యాంటూ షూసూ వేసుకుని మంచం మీద కూర్చున్నారు. చిలకపచ్చ చీర ఆయనే తీసి కుర్చీ మీద పెట్టారు. నేను బాత్రూంలో విభూది రంగు చీర కట్టుకుని బయటికి వచ్చాను. ఆయన అంచు చూశారు, కొంగు చూశారు, మళ్ళీ అంచు చూశారు. అది ఎక్కడి చీరో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

“షాలు తీసుకో, చలిగా ఉండాది” అన్నారు.

తీసుకున్నాను, కప్పుకోలేదు. కప్పుకుంటే ఇంక చీర ఎందుకు? పళ్ళు కొట్టుకుంటున్నా అట్లాగే నడిచాను.

హోటల్లో అడుగు పెట్టి చుట్టూ చూస్తే నాకు నవ్వొచ్చింది. జీన్సు ప్యాంట్లు, మెడదాకా స్వెట్టర్లు. ఒకాయన చెప్పులతోనే వచ్చి నిమ్మళంగా తింటున్నాడు. నెల రోజులు మేం పడిన తర్జనభర్జనంతా వృథా. అందరూ తలతిప్పి చూసింది మా ఆయన షూస్ చప్పుడు వైపే.

సూప్ వచ్చింది. పక్క బల్ల దగ్గరున్న ఒక పెద్దావిడ లేచి వెళుతూ నా దగ్గర ఆగింది. చీర చాలా బాగుంది, ఎక్కడ కొన్నారు అని హిందీలో అడిగింది. అలవాటు కొద్దీ మా ఆయన చెయ్యి చొక్కా జేబులోని కార్డుల మీదికి పోయింది. అక్కడే ఆగి వెనక్కి వచ్చింది.

“ధర్మవరం” అన్నారు. ఆవిడ బాగుందంటూ వెళ్ళిపోయింది.

“అంగడి పేరు గూడా చెప్పాల్సింది. పాపం, ఆయప్పకు ఒక గిరాకీ దొరికేది” అన్నారు, సూప్ వైపు చూస్తూ.

“ఏ ఆయప్పకు?”

“నువ్వు టీచరమ్మవని చెప్పొచ్చిన ఆయప్పకు. మన పాప పెండ్లికి వచ్చినాడు. నువ్వే తాంబూలం ఇచ్చి పంపించినావంట. మడత చూసి అనుమానపడి, మొగం చూసి గుర్తుపట్టినాడంట.”

చేతిలోని చెంచా కింద పెట్టేశాను. “ఎప్పుడు తెలిసింది మీకు?”

“పోయిన బేస్తవారం ధర్మవరానికి సరుక్కు పోయింటి గదా. ‘ఏమప్పా, మీ అంగట్లో చీరల్లేవా, అమ్మ ఈడికొచ్చి కొనుక్కోని పోయింది’ అని నలుగురిలో అడిగినాడు. అందరూ నగినారు.”

అన్ని రోజులుగా ఆ మాట కడుపులో పెట్టుకుని, సామాన్లు సర్ది, నన్ను ఇంత దూరం తీసుకొచ్చారు. ఆయన ముఖం చూస్తే జాలేసింది. అయినా తప్పు చేశానని మాత్రం అనిపించలేదు.

“మన అంగట్లో నీకేం తక్కువైందే?” అన్నారు.

“తక్కువేం కాలేదు. మిగిలిందంతా నాకే గదా వచ్చేది.”

“అడిగింటే తెచ్చియ్యనా?”

“దోవన పోయే ఆడోళ్ళను గూడా పిలిచి, ఏ రంగు చూపీమంటారమ్మా అని అడుగుతారే మీరు! నన్ను ఒక్కపారన్నా అడిగినారా?”

నా గొంతు కొంచెం పెద్దదైంది. ప్లేట్లు తెస్తున్న వెయిటర్ సగం దారిలో ఆగి, వేరే బల్ల వైపు తిరిగాడు.

“మా అమ్మ ఎప్పుడూ ఇట్ల అనలేదు” అన్నారు.

“మీ నాయన గూడా అడిగిండరు.”

ఆయన చెంచాతో సూప్ కలుపుతూ కూర్చున్నారు. కోపమొస్తే ఆయన లేచి వెళ్ళిపోయే మనిషి. ఆ రోజు లేవలేదు. కాసేపటికి చెయ్యి చాచి నా కొంగు అంచు వేళ్ళ మధ్య పట్టుకుని చూశారు.

“మంచి చీరే. నీకు బాగుండాది. ఈ రంగు ఇష్టమని నాకు తెల్దు” అన్నారు. ఆయన అంత సిగ్గుపడడం నేనెప్పుడూ చూడలేదు. నా కోపం సగం దిగిపోయింది.

“ఇంకేం రంగులు ఇష్టం నీకు? చెప్పు, ఊరికి పోతానే తెప్పిస్తా.”

చెబుదామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. వంకాయ రంగు అనుకుంటే పోగు తప్పిన చీర గుర్తొచ్చింది. మెంతి రంగు అనుకుంటే ఎండకు వెలిసిన చీర గుర్తొచ్చింది. ఏ రంగు తలచుకున్నా అది ఎందుకు మిగిలిపోయి ఇంటికి వచ్చిందో తెలుసు గానీ, నాకు ఇష్టమో కాదో తెలియలేదు. యాభై దాటినదాన్ని. ఎవరూ అడగలేదని ఆయన్ను అంతసేపు నిలదీశాను. నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు. దుఃఖం ముంచుకొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఏమే, ఏమైంది?” అన్నారు కంగారుగా.

“నాకేం ఇష్టమో నాకే తెల్దు” అన్నాను. “అంగట్లో ఉండేవన్నీ దించి చూపీండి. కూర్చోని, చూసి చెప్తా.”

“ఒక పొద్దులో అయ్యే పని కాదే అది.”

“కాకుంటే మరుసనాడు గూడా వస్తా” అన్నాను.