ముఖాలు లేని పదకొండు ఫోటోలు

గొర్రె మెడ మీద కత్తి పడే క్షణం కోసం సంజీవ మానుకోటలో ఒక మటన్ కొట్టు ముందు మూడు ఆదివారాలు కాపు కాశాడు. జనగామలో ఉండే చంద్రమోహన్ సార్ తీసిన ఫోటో ఒకటి ఉంది. అందులో కత్తి, దాన్ని పట్టిన వేళ్ళు, గొర్రె చెవి, అంతే. కోసేవాడి ముఖం లేదు, గొర్రె ముఖం కూడా లేదు. ఆ ఫోటోకు పెద్ద బహుమతి వచ్చింది. అచ్చం అలాంటిదే తీయాలని సంజీవ పట్టు. మూడో ఆదివారం నెత్తురు చిమ్మి లెన్సు మీద పడింది. కొట్టాయన తువ్వాల విసిరి, "ఏం పిలగానివిరా నువ్వు! మాంసం కొనవు, ముఖం తియ్యవు. నా చెయ్యి నీకేం బాకీ ఉన్నదిరా?" అన్నాడు.

సంజీవది గూడూరు దగ్గర అడవి అంచున ఉన్న చిన్న ఊరు. ఇరవై రెండేళ్ళు. తల్లి పురిట్లోనే పోతే ఆమె అక్క ఓదెమ్మ వాణ్ణి పెంచింది. భర్త లేడు, పిల్లలు లేరు. ఊళ్ళోవాళ్ళ కామెర్లకు, వాపులకు ఆకు పసరు పోసేది. మానుకోటలో డిగ్రీ చదువుతూనే వాడు కట్టయ్య స్టూడియోలో పనికి కుదిరాడు. వాడి చదువంతా ఒక పొడుగు నోటుబుక్కులో ఉండేది. ఎడమ పేజీలో పేరున్నవాళ్ళు తీసిన ఫోటో అతికించేవాడు. కుడి పేజీలో దానిలాగే తాను తీసింది. కింద ఎర్ర పెన్నుతో 'అయింది' అనో, 'కాలేదు' అనో రాసుకునేవాడు.

మొదట కట్టయ్యనే అనుకరించాడు. కట్టయ్యది ఒకటే పద్ధతి. ఎవరొచ్చినా కుర్చీలో నిటారుగా కూర్చోవాలి, చూపు సూటిగా ఉండాలి, రెండు చేతులూ మోకాళ్ళ మీద వేళ్ళు విడదీసి పెట్టాలి.

"గీ చేతుల పంచాది ఏంది తాతా?" అని సంజీవ ఒకసారి నవ్వాడు.

"నీకేం తెల్సురా. ఎన్కట ఒక పెండ్లి పిలగాని చేతికి రెండు వేళ్ళు లెవ్వు. చెయ్యి దాసి ఫోటో తీసిన. పెండ్లయినంక పిల్ల తరుపోల్లు అచ్చి స్టూడియ అద్దాలన్ని పలగ్గొట్టిన్రు. నా నోట్ల పండు గూడ ఒకటి పోయింది, గిదో, సూడు. గప్పటి సంది చేతులు దాసుకునేటోనికి నా కాడ ఫోటో లేదు."

రెండేళ్ళకు సంజీవకు ఆ పద్ధతి మొహం మొత్తింది. మనుషుల్ని కట్టెలు పేర్చినట్టు కూర్చోబెట్టడం ఏం కళ అనుకున్నాడు. అయినా ఊళ్ళో పెళ్ళిళ్ళకు అందరూ అలాంటివే అడిగేవారు గనుక విసుక్కుంటూనే తీసేవాడు.

అప్పుడే చంద్రమోహన్ సార్ దొరికాడు. భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుల చేతులు తీసి పేరు తెచ్చుకున్న మనిషి. జనగామలో తన మేడ మీద ఆదివారం సాయంత్రాలు ఎనిమిది మందికి పాఠం చెప్పేవాడు. ఎవరి ఫోటోలోనైనా ముఖం కనిపిస్తే దాన్ని నిలువునా చింపి వాళ్ళ ముందే పడేసేవాడు. "ముఖం తీసుడు ప్రతోనికి వస్తది. మోకాలు వంచు. కెమెరా నడుం కిందికి దించు. అక్కడ చూడు" అనేవాడు. మొదటి నెలలో సంజీవవి పందొమ్మిది చింపాడు. సంజీవ నాలుగుసార్లు భూపాలపల్లి పోయి, షిఫ్టు దిగే వేళ గేటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మసి చేతులు తీశాడు. కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీల కొక్కేలు తీశాడు. జాతరలో యాటపోతును గావు పట్టి బలిచ్చే చోటా చేతులే. ఏడాది తిరిగేసరికి కన్ను చెప్పకముందే మోకాలు వంగేది.

ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. "పెండ్లిళ్ళకు తప్ప నేను ముఖాలు తియ్యనే. మా సార్ లెక్క చేతులే."

పక్క వాడకట్టు బిక్షపతి తన ఆరేళ్ళ కొడుకును ఫోటో తీయమంటే, జామకాయ పట్టుకున్న వాడి చెయ్యి తీసి ఫ్రేము కట్టించి ఇచ్చాడు. బిక్షపతి దాన్ని టీ కొట్టు దగ్గరికి తెచ్చి అందరికీ చూపించాడు. "సూడుండ్రి, నా కొడుకు మోచేయి దాన్కనే పుట్టిండట!" ఊరంతా పడీ పడీ నవ్వింది.

ఆ వానాకాలం పిల్లవాడికి జ్వరం తగిలింది. ఓదెమ్మ పసరు పోసింది. తగ్గలేదు. దవాఖానకు పోయే దారిలో ప్రాణం పోయింది. పదకొండో రోజున బిక్షపతి సంజీవ గడపలో నిలబడ్డాడు. "తమ్మీ, ముఖమున్నది ఒక్కటన్న లేదారా? ఫోన్ల అన్ని మసకమసకగున్నయి. చెల్లె పెండ్లి ఫోటోలల్ల పెద్దోల్లే ఉన్నరు." సంజీవ కెమెరా అంతా వెతికాడు. లేదు. బిక్షపతి గడప దిగి వెళ్ళిపోయాడు.

నెలలోపే అతని కూతురికీ జ్వరం వచ్చింది. ఓదెమ్మ చెయ్యి పడ్డ పిల్లలే పడిపోతున్నారని ఎవరో అన్నారు. బాణామతి అన్నారు.

గురువారం పొద్దున పది గంటలకు సంజీవ బస్సు దిగి, మెడలో కెమెరాతో ఊళ్ళోకి వచ్చేసరికి నీళ్ళ ట్యాంకు దగ్గర జనం. కరెంటు స్తంభానికి నైలాన్ తాడుతో ఓదెమ్మను కట్టేశారు. తల మీద చర్మం చిట్లి నెత్తురు చీర కుచ్చిళ్ళ దాకా కారింది. జనం చేతుల్లో పార కామలు, పత్తికట్టెలు, ఒక సైకిల్ చైను. మంత్రం పలకకుండా పండ్లు రాలగొట్టాలని ఒకడు రాయి తెచ్చాడు. మొదటి దెబ్బకు ఆమె పెదవి చీలింది. "ఎవడన్న ఫోన్ తీస్తె చెయ్యిరుగుతది" అని ఇంకొకడు అరుస్తున్నాడు.

"పెద్దవ్వా!" అంటూ సంజీవ దూకాడు. ఇద్దరు పట్టుకుని వెన్నులో గుద్దారు. కింద పడి లేస్తూ కెమెరా ఎత్తాడు. ఫోటో తీస్తే భయపడి ఆగుతారనుకున్నాడు.

నిజంగానే ఆగారు. ఎత్తిన కట్టెలు ఎత్తినట్టే ఉన్నాయి. పన్నెండు పదమూడు ముఖాలు ఎండలో, స్పష్టంగా, వాడి వైపే తిరిగి ఉన్నాయి. ఒకడు తువ్వాలతో మూతి కప్పుకోబోయాడు.

సంజీవ మోకాలు వంగింది. కెమెరా నడుం కిందికి దిగింది. బటన్ నొక్కాడు.

బిక్షపతి అది చూశాడు. "గానికి భయపడకుండ్రి!" అని అరిచాడు. "గాడు ముఖాలు తియ్యడు. నా కొడుకుదే తియ్యలే. చేతులే తీస్తడు!"

తువ్వాల కిందికి దిగింది. కట్టెలు మళ్ళీ లేచాయి.

ఆ తర్వాత ఎందుకు నొక్కుతూ పోయాడో సంజీవకు ఎప్పటికీ తెలియలేదు. తొమ్మిదో ఫోటోలో సైకిల్ చైను గాలిలో వంకర తిరిగి, పట్టుకున్న పిడికిలి నరాలతో సహా వచ్చింది. సరిగ్గా సార్ లెక్క అని ఆ క్షణంలో వాడి మనసు అన్నది. ఆ మాట తర్వాత వాణ్ణి చాలా రోజులు తినేసింది. పదకొండో ఫోటోకు తాడు సడలి ఓదెమ్మ కుడిచెయ్యి బయటికి వచ్చింది. మణికట్టు మీద చెల్లెలి పేరు పచ్చబొట్టు. వేళ్ళు విడదీసి వాడి వైపు చాచింది. అది కూడా తీశాక గానీ వాడికి ఆ చెయ్యి ఎవరిదో తట్టలేదు. కెమెరా మెడకు వదిలేసి పరుగెత్తాడు. పార కామ భుజం మీద పడింది. పాకుతూ పోయి కాళ్ళు పట్టుకునేసరికి ఓదెమ్మ తల వాలిపోయింది, ఊపిరి ఆగింది.

పోలీసులు వస్తే ఊరంతా ఆ పొద్దున పత్తి చేన్లలోనే ఉన్నామని చెప్పింది. ఎస్సై పదకొండు ఫోటోలూ రెండుసార్లు చూశాడు. "మస్తుగ తీసినవ్ తమ్మీ. ముఖాలేవి? నీ మాటొక్కటి, ఊరంత ఒక్కటి. కోర్టుల ఎట్ల నిలవడతది?"

చంద్రమోహన్ సార్ దగ్గరికి పోతే దారి దొరుకుతుందేమోనని జనగామ పోయాడు. సార్ పదకొండో ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇసొంటిది నేను గూడ తియ్యలేదురా. వచ్చే నెల ప్రదర్శనల మధ్యల పెడదాం."

గోడ మీద గొర్రె ఫోటో ఉంది. సంజీవ దాన్ని పెరికి మేజా అంచుకేసి కొట్టాడు. అద్దం పగిలి అరచెయ్యి తెగింది. మళ్ళీ కొట్టాడు, ఫ్రేము విరిగేదాకా.

"పిచ్చి లేసిందారా నీకు?" సార్ మూలకు జరిగాడు.

"గామె మా పెద్దవ్వ సార్. ముఖమున్నది గామెకు."

నెత్తురు కారుతున్న చెయ్యితోనే రైలెక్కి మానుకోటలో దిగాడు. కట్టయ్య కట్టు కట్టాడు, తిట్టలేదు. కంప్యూటర్లో ఫోటోలు ఒక్కొక్కటే పెద్దగా చేసి చూశాడు. తొమ్మిదో దాని దగ్గర ఆగాడు. చైను పట్టుకున్న పిడికిట్లో ఉంగరపు వేలు సగమే ఉంది.

"కేసముద్రం యార్డుల లారీ తలుపుల పడ్డ ఏలు గిది. బిక్షపతిది. నిరుడు ఆళ్ళ చెల్లె పెండ్లి నువ్వే తీసినవ్ గదరా. నా లెక్క తీసినవా, నీ లెక్కనా?"

"నీ లెక్కనే తాతా."

"అయితె తియ్యి ఆ ఆల్బం."

పెళ్ళి పందిట్లో ఊరి మగవాళ్ళంతా వరసగా, కట్టెలు పేర్చినట్టు కూర్చున్నారు. సూటి చూపులు. మోకాళ్ళ మీద చేతులు, వేళ్ళు విడదీసి. రెండు రోజులు ఇద్దరూ కూర్చుని స్తంభం దగ్గరి చేతులను ఆల్బంలోని చేతులతో పోల్చారు. ఇనుప కడియం. కాలిన మచ్చ. పచ్చబొట్టు తేలు. ఏడు చేతులకు ఏడు ముఖాలు దొరికాయి. మిగతావి దొరకలేదు. పదకొండో ఫోటోను కట్టయ్య తెరవనివ్వలేదు.

ఎస్సై పక్కపక్కన పెట్టి చూశాడు. "కోర్టు సంగతి కోర్టు సూస్కుంటది. పట్కరానీకె మాత్రం సాలు" అన్నాడు.

పోలీసు జీపు వచ్చిన రోజు సంజీవ కెమెరా పట్టుకుని నీళ్ళ ట్యాంకు దగ్గరే నిలబడ్డాడు. స్తంభానికి తాడు గుర్తు ఇంకా ఉంది. బిక్షపతిని ఎక్కిస్తుంటే అతను ఆగి, బేడీలు వేసిన రెండు చేతులూ ఎత్తి కెమెరా ముందు చాచాడు. "తియ్యిరా. నీకు గివే గద కావాలె."

జనంలోంచి రాయి వచ్చి సంజీవ కనుబొమ్మ మీద తగిలింది. నెత్తురు కంట్లోకి దిగింది. మోకాలు వంగలేదు.

"చేతులు దించు అన్నా. ముఖం తీస్త."

బిక్షపతి చేతులు మెల్లగా కిందికి జారాయి. వాటి వెనకాల వాచిన కళ్ళు, గీయని గడ్డం, అచ్చం చచ్చిపోయిన పిల్లవాడి ముక్కు. రెండో రాయి వచ్చేలోగా సంజీవ బటన్ నొక్కాడు.