పాతవాగు మడి

మా చిన్నప్పుడు... బోధన్ పక్క మా ఊరి చెరకు తోటల్లోకి బాపుకు సద్ది తీసుకుపోవాలంటే ముందు మడుల పేర్లు తెలియాలి. ఎదిగిన చెరకు మనిషిని మించి ఉంటుంది. లోపలికి పోతే పైన ఆకాశం తప్ప ఏమీ కనిపించదు.

"ఊటచెల్క దాటి, నక్కలగుట్ట ఎదురుంగ, పాతవాగు మడిల ఉన్నడు మీ బాపు" అనేది మా అవ్వ. అంతే... ఎప్పుడూ దారి తప్పలేదు.

ఊటచెల్కలో ఎండాకాలం కూడా మట్టి చల్లగా తగిలేది. నక్కలగుట్టలో నక్కలుండేవి. పాతవాగు మడిలో మాత్రం వాగు లేదు.

"వాగేది అవ్వా?"

"పండుకున్నది బిడ్డా. పెద్దవానొస్తే లేస్తది."

అందుకే ఆ మడిలో ఎవరూ గుడిసె కూడా వేసుకోలేదు.

ఒకసారి గొలుసు పట్టుకుని భూములు కొలిచేవాళ్లు వచ్చారు. అవ్వ వాళ్లకు ముందు నడుస్తూ ఒక్కో పేరు చెప్పింది.

"సారూ, గిది పాతవాగు మడి. రాసుకో."

"నంబరేస్తున్నం గద అవ్వా. పేరెందుకు?"

"నీ నంబరు సూస్తే నీళ్లొస్తయని ఎర్కైతదా?"

అందరూ నవ్వారు... ఆ సారు కూడా. పేరు మాత్రం రాయలేదు.

తర్వాత చెరకు పోయింది. మడులు ప్లాట్లయ్యాయి. ఏదో పువ్వు పేరుతో ఇంగ్లిష్ బోర్డు పెట్టారు. పేపర్లో పనిచేస్తూ నేనుంటున్న నిజామాబాద్‌లో మా పక్కింటి గంగామణి అక్క బీడీలు చుట్టీ చుట్టీ అక్కడ రెండు గదులు కట్టుకుంది. గృహప్రవేశానికి నేనూ వెళ్లాను, తిన్నాను, వచ్చాను. చెరకు లేని ఆ చోటును గుర్తుపట్టలేదు.

ఈ వానాకాలం నేను వెళ్లేసరికి ఆ గదుల్లో మోకాళ్ల లోతు నీళ్లు. బీడీలు చుట్టే తునికాకు కట్టలు తేలుతున్నాయి. బయట నీళ్లు వంకర తిరిగి పారుతున్నాయి... తలెత్తితే ఎదురుగా నక్కలగుట్ట. అప్పుడు తెలిసింది నేనెక్కడ నిలబడ్డానో.

తహసీల్దారు ఆఫీసుకు పోయి అడిగాను. "రికార్డుల వాగు లేదన్నా. సక్కటి పట్టా భూమి" అన్నాడు అక్కడి ఉద్యోగి. కాగితం తిప్పి చూపించాడు. నిజమే, నంబరుంది, కొలతలున్నాయి, వాగు లేదు. చెప్పినా రాసుకోనివాళ్లే ఇప్పుడు రికార్డులో లేదంటున్నారు!

సంగతి చెబితే అక్క తడిసిన చాట దులుపుతూ నావైపు చూసింది. "గంత పెద్ద పేపరోనివి... నీ ఊరి మడి పేరు నీకే యాదికి రాలేదా తమ్మీ?"



ఆ రోజు నుంచి మడుల పేర్లు రాసుకుంటున్నాను. పేరు, అదెందుకొచ్చిందో, ఎవరు చెప్పారో. ఇప్పటికి పదకొండు దొరికాయి. అవ్వకు ఎన్ని తెలుసో... అడగడానికి ఇప్పుడు అవ్వ లేదు.

ఇప్పుడు దారి ఫోన్ చెబుతుంది. కాళ్ల కింద పండుకున్న వాగు సంగతి దానికి తెలియదు...

మీ ఊళ్లో చేన్ల పేర్లేమిటి? ఆ పేర్లెందుకొచ్చాయి? ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈరోజే అడిగి కింద రాయండి. నంబర్లు వద్దు... అవి ఆఫీసులో భద్రంగా ఉన్నాయి.