బాలింత గదిలో తెరుచుకున్న గవాక్షి

దయ్యం, గాలి, ధూళి అని ఎవరన్నా మొదలుపెడితే నవ్వి లేచిపోయే రకం నేను. ఫైర్ సర్వీసులో చేరినాక ఆ నవ్వు ఇంకా ఎక్కువైంది. కాలిపోయిన ఇండ్లలో ఒక్కడినే తిరిగినాను, ఒక్క దయ్యమూ నన్ను పలకరించలేదు. ఈ ఒక్కటి మాత్రం జరిగింది జరిగినట్లు చెప్తాండా. నమ్మేదీ మానేదీ మీ ఇష్టం.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎండాకాలం, మధ్యాన్నం పూట. తుంగభద్ర ఒడ్డున ఒక పల్లెలో ఇల్లు అంటుకుందని కబురొస్తే గంట కొట్టుకుంటా పోయినాం.

రైతు ఇల్లు, మట్టి మిద్దె. ముందర పడసాల నిండా పత్తి. బాలింత గదికి కుంపటి తీసుకపోతాంటే ఒక నిప్పు జారి ఆ పత్తిలో పడిందంట. పడసాల దాటితేనే లోపలి గది. అందులో బాలింత, ఇంకా పేరన్నా పెట్టని మగబిడ్డ ఉండారు. ఇంటికి వాకిలి ఒకటే.

మేం పోయేసరికి సగం ఊరు మిద్దె మీదుండాది. కడవలతో నీళ్లు కుమ్మరిస్తాండారు. నాకు ఒళ్లు మండిపోయింది. మట్టి మిద్దె నీళ్లు తాగితే బరువెక్కుతుంది. కింద దూలాలు కాలుతాంటాయి. ఇంకేముంది, కప్పంతా లోపలుండేవాళ్ల నెత్తిన పడుతుంది. మంట ఆర్పుతాండామనుకుంటా తల్లీబిడ్డలకు గోరీ కడతాండారు! నోటికొచ్చినట్లు తిట్టి అందరినీ దింపినాను. మళ్లా ఎవరూ ఎక్కకుండా నిచ్చెన తీయించి పక్కన పారేయించినాను.

మా సీమ మిద్దెల్లో వెలుతురొచ్చేదానికి, పొగ పోయేదానికి కప్పులో గవాక్షి అని ఒక కంత పెడతారు. పైన దారి తెరిస్తే పొగ లేచిపోతుంది, కింద మనిషికి ఊపిరాడుతుంది. మా పనిలో మొదటి పాఠం అదే. లోపలి గదికి గవాక్షి ఉందా అని బాలింత అత్తను అడిగినాను.

"ఉండాదప్పా. బాలింతకు గాలి తగలగూడదని పురుడైన దినమే బండ మూసి, నా చేతుల్తోనే మట్టి మెత్తినా" అని ఏడ్చింది.

దాన్ని తీసేదానికి మనిషిని పైకి పంపితే కప్పుతో సహా కిందికొస్తాడు. అందుకని వాకిలి గుండానే పోదామనుకున్నాను. నా జతగాడు మస్తాన్ గడపలో కూర్చుని గొట్టం పట్టుకున్నాడు. పొగ మీద నీళ్లు కొడితే ఆవిరి లోపలోళ్లను ఉడకబెడుతుంది. కాబట్టి మంట అడుగునే కొడతా నాకు దారి చేసినాడు. నేను తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని, ఎడమ చెయ్యి గోడకానించి బోర్లా పాకినాను.

లోపలి గదిలో గోనె బస్తాలు అడ్డమొచ్చినాయి. గోడ తప్పిపోయింది. కండ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. ఊపిరి అందడంల్యా. వెనక్కి పోదామనుకున్నా, ఏ పక్క వెనకో తెలిస్తే గదా! భయపడినాను. చెప్పుకునేదానికి నాకేం సిగ్గులేదు.

అప్పుడు పైనుంచి ధారకట్టినట్లు ఎండ పడింది. పొగ సుడి తిరుగుతా దాంట్లోకి ఎక్కిపోయింది. మెడకు చల్లగా గాలి తగిలింది. ఆ వెలుతుర్లో, నాకు అందేంత దూరంలో, తల్లి ముడుచుకుని పడుండాది. బిడ్డ ఆమె చేతుల్లో ఉన్నాడు. ఎవడో మొండోడు పైకెక్కి బండ తీసినాడనుకున్నా. వాణ్ని మనసులోనే తిట్టుకుంటా, దండం పెట్టుకుంటా ఇద్దరినీ బయటికి లాగినాను. బిడ్డ కేర్‌మన్నాడు. ఊరంతా ఒక్కసారిగా ఏడ్చింది, నేనూ ఏడ్చినాను.

మంట చల్లారినాక ఆ మొండోడెవడని అడిగితే అందరూ నా మొహం చూసినారు. నిచ్చెన పారేసిన చోటే ఉండాది. దాన్ని గోడకేసి ఎక్కి చూసినాను. బండ బండ మాదిరే ఉంది. చుట్టూ మెత్తిన మట్టి ఎండి రాయైంది, ఒక్క బీట లేదు. ఆ ముసలామె వేళ్ల గుర్తులు అట్లనే ఉండాయి. గడ్డపారతో పెకలించి తీస్తే, బండ అడుగున మసి మందంగా పేరుకుని ఉంది. మస్తాన్‌ను అడిగితే, వెలుతురూ లేదు గిలుతురూ లేదు, మేం బయటపడేదాకా పొగ తప్ప ఏమీ కనపళ్లేదన్నాడు.

పొగ పట్టి నా బుర్ర తిరిగిందని సర్దుకున్నా. నిజంగా అట్లనే మర్చిపోయేవాణ్ని.

పేరు పెట్టే దినం వాళ్లింటికి పిలిచినారు. బాలింత బిడ్డనెత్తుకుని నా దగ్గరికొచ్చింది.

"అన్నా, నేను వాకిలనుకుని మూలకు పోతాంటి. వెలుతురు పడినాక బిడ్డకు గాలి తగుల్తాదని దాని కిందికి పాక్కుంటా వచ్చినా. పైనుంచి ఒకాయన వంగి చూస్తాండె. ఆయన పేరు చెప్పన్నా, నా కొడుక్కు పెట్టుకుంటా."

నేను తల దించుకుని బిడ్డ చెయ్యి పట్టుకున్నా. ఇంట్లోవాళ్లు నేను మొహమాటపడుతున్నాననుకుని బిడ్డకు నా పేరే పెట్టేసినారు.

వాడు పెద్దోడైనాడు, వ్యవసాయం చేసుకుంటాండాడు. వాళ్లింటికి పోయినప్పుడల్లా వాళ్లమ్మ ఆ పేరుతో పిలుస్తుంది. నేనూ తలెత్తుతా, వాడూ తలెత్తుతాడు. పిలవాల్సిన మనిషి మా ఇద్దరిలో ఎవరూ కాదని నాకొక్కడికే తెలుసు. ఆయనెవరో మాత్రం ఈనాటికీ తెలీదు.