గది బయట నిలబడ్డవాళ్ళం

గత నెల ఒక మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుండగా మావయ్య ఫోన్ చేశాడు. "మన నోటరీగారు పోయారే. పొద్దున్నే, నిద్రలోనే." ఆ వెంటే, "పాపం, మంచివాడే. మొండివాడు గానీ," అన్నాడు. మా ఇంట్లో ఆయన ప్రస్తావన వస్తే ఈ రెండు మాటలూ ఇదే వరుసలో వస్తాయి. ఆ ‘గానీ’తో నాకు పేచీ ఉంది. ఆయన మంచితనమంతా ఆ మొండితనంలోనే ఉండేది.

ఆయన ఎల్బీనగర్ కోర్టు గేటు పక్కన, రేకుల నీడలో బల్ల వేసుకుని కూర్చునే న్యాయవాది. అఫిడవిట్ల మీద, ఒప్పందాల మీద సంతకం పెట్టింది ఫలానా మనిషేనని ధ్రువీకరించి ముద్ర వేయడం ఆయన పని. తన కళ్ళెదుట సంతకం చేస్తే తప్ప ముద్ర వేసేవారు కారు. బల్లకు ఇవతల ఒకే కుర్చీ ఉండేది, సంతకం పెట్టే మనిషి కోసం. వెంట వచ్చినవాళ్ళను "జర అటు పోయి నిలబడున్రి" అని గేటు దాకా పంపేవారు. ఆపైన పెన్నుకు మూత పెట్టి, "నీ ఇష్టంతోనే చేస్తున్నవా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆ మూత తీసేవారు కారు.

నోటరీల పదవీకాలానికి గరిష్ఠ పరిమితి విధిస్తూ చట్టాన్ని సవరించాలని కేంద్రం ముసాయిదా తెచ్చినప్పుడు, మా లా కళాశాల చర్చావేదికపై నేను దానిని సమర్థించాను. పోటీకి ముందు నా వాదనకు పదును పెట్టుకోవడానికి ఆయన దగ్గరికే వెళ్ళాను.

"ఒకరే జీవితాంతం కూర్చుంటే కొత్తవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి తాతగారూ?"

"నన్ను లేపనీకి ఒచ్చినవా బిడ్డా? లేస్త తియ్. చాయ్ తాగినంక లేస్త."

"నవ్వడం జవాబు కాదు."

"కాదు. ఎవలు కూసోవాల్నని లొల్లి చేస్తున్రు. కూసున్నోడు ఏం చెయ్యాల్నో అది గూడ మాట్లాడు."

"ఇకమీదట వీడియోలో చూసి ధ్రువీకరిస్తే సరిపోదా?"

"వీడియోల మొఖం కనిపిస్తది. పక్కన నిలబడ్డోడు కనిపించడు."

పరిమితి విషయంలో నా పక్షం నేటికీ మారలేదు. ఈ చివరి మాట మాత్రం ఒప్పుకుంటాను. ఒకసారి ఆ పక్కన నిలబడ్డవాళ్ళం మేమే.

కొత్తపేటలో అమ్మమ్మ పేరనున్న ఇంటిని బిల్డరుకు ఇవ్వాలని మావయ్య నిశ్చయించాడు. తనకు అభ్యంతరం లేదని చెప్పే అఫిడవిట్ మీద ఇంట్లోనే ఆవిడ చేత సంతకం పెట్టించి, ఆయన బల్ల మీద ఉంచాడు. "అమ్మకి మోకాళ్ళ నొప్పులండి, మెట్లు దిగలేదు."

"గట్లనా? నేనే ఎక్కుత తియ్."

ఆ సాయంత్రమే ఆయాసపడుతూ మేడ ఎక్కి వచ్చారు. మమ్మల్నందరినీ గది బయటికి పంపి తలుపు వేశారు. "కన్నకొడుకుని, నన్ను అనుమానిస్తాడేంటీయన?" అని మావయ్య బాల్కనీలో గొణిగాడు. తలుపు తెరుచుకున్నాక అమ్మమ్మ అంది: "ఇల్లు ఇవ్వడం నాకిష్టమేరా. పడగొట్టాక నేనెక్కడుండాలో మీరెవరూ చెప్పలేదు. అది కూడా రాయండి."

ముద్ర పడలేదు. మావయ్య ఆయనతో మాట్లాడడం మానేశాడు. ఆనాడు మెట్లు దిగుతూ ఆయన నాతో అన్నారు: "మీ మామ చెడ్డోడు కాదు బిడ్డా. అడగలే, గంతే."

చట్టాన్ని పుస్తకాల్లో చదివాను. అది మనిషికి అక్కరకు రావడం మొదటిసారి ఆ మూసిన తలుపు దగ్గర చూశాను. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

పోయిన వారం మావయ్య కొత్త కాగితం రాయించాడు. ఇల్లు పూర్తయ్యేదాకా అమ్మమ్మ పిల్లలందరి దగ్గరా వంతులవారీగా ఉంటుందట. "ఆయన చోట ఇప్పుడో అమ్మాయి కూర్చుంటోంది. మనిషి రానక్కర్లేదంది, ఆధార్ జిరాక్స్ చాలట," అన్నాడు. నేను వాదనకు దిగేలోపే అమ్మమ్మ చేతికర్ర అందుకుంది. "ఆటో పిలవండి. నేనొస్తా."

గేటు పక్కన అదే బల్ల, అదే కుర్చీ. అమ్మమ్మ కూర్చుని ఊపిరి తీసుకుంది. యువ న్యాయవాది అప్పటికే ముద్ర చేతిలోకి తీసుకుంది. అమ్మమ్మ మా వైపు తిరిగి, "మీరంతా కాస్త అవతలికి వెళ్ళండి," అంది.

గేటు దాకా వెళ్ళి నిలబడ్డాం. రోడ్డు రొదలో ఏమీ వినబడలేదు. ముద్ర పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగడం మాత్రం కనిపించింది. ఆ అమ్మాయి పెన్నుకు మూత పెట్టి, అమ్మమ్మ వైపు వంగి వింటోంది.