పడుగు వేళకు నేను లేను

నా ఫోన్‌లో నా ఫొటోలు లెక్కలేనన్ని ఉన్నాయి. అన్నింటిలోనూ నా వెనుక ఒకే గోడ, ఒకే బోర్డు, తాళం తీసిన ఒకే తలుపు. పొద్దున తొమ్మిదిలోపు దవాఖాన ముందు నిలబడి నన్ను నేను ఫొటో తీసుకుని పైకి పంపాలి. పంపితేనే ఆ రోజు డ్యూటీకి వచ్చినట్టు. ఆ ఫొటోల్లో ఏ ఒక్కదాంట్లోనూ నా పక్కన రోగి లేడు. ఆ సంగతి పైవాళ్లెవరూ అడగలేదు. నాకూ చాలా ఆలస్యంగా తట్టింది.

నేను నల్లగొండ జిల్లాలో ఒక సబ్ సెంటర్‌లో ఏఎన్ఎంని. పిల్లలకు టీకాలు వేయడం, గర్భిణులను చూడడం, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు నెలనెలా గోలీలివ్వడం నా పని. తెలంగాణ వచ్చిన కొత్తలో మా సబ్ సెంటర్ అంటే చేనేత వాడలో ఒక కిరాయి గది. ఒక బల్ల, ఒక బీరువా, వాన వస్తే కురిసే చోట పెట్టడానికి రెండు బకెట్లు. గోడ అవతల పగలంతా మగ్గం చప్పుడు. నేనూ నేతవాళ్ల బిడ్డనే కాబట్టి ఆ చప్పుడు ఆగితేనే నాకు తోచేది కాదు.

మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి అంత తేలిగ్గా లేవడు. మా బాపు కూడా అంతే. జ్వరం వచ్చినా, చుట్టం వచ్చినా మెడ తిప్పి మాట్లాడేవాడే తప్ప గుంటలోంచి లేచేవాడు కాదు. ఇలాంటివాళ్లు దవాఖానకు నడిచివచ్చి వరుసలో కూర్చుంటారని అనుకోవడం వట్టి అమాయకత్వం. అయితే వాళ్లందరూ బయట దొరికే వేళ ఒకటుంది. పొద్దున్నే ఎండ ముదరకముందు, వీధి పొడవునా పడుగు దారాలు చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతారు. అది ఒక్కరితో అయ్యే పని కాదు. ఇవాళ నీ పడుగు, రేపు నా పడుగు అనుకుంటూ వాడంతా ఒక చెయ్యి వేస్తుంది.

నేను వచ్చే బస్సు ఎనిమిదిన్నరకు ఆ వాడ మొదట్లోనే ఆగేది. దిగి, గదిలోంచి బీపీ మిషను, గోలీల డబ్బా తెచ్చుకుని పడుగు పక్కన అరుగు మీద కూర్చునేదాన్ని. ఒక్కొక్కరే కుంచె పక్కవాళ్లకు అందించి వచ్చి చెయ్యి చాపేవాళ్లు. వచ్చిన అంకె గట్టిగా చెప్పమనేవాళ్లు. ఎక్కువ వస్తే, రాత్రి ఇంట్లో లొల్లి అయిందా అని పడుగు అవతలి కొస నుంచి ఎగతాళి. ఎవరి గోలీలు అయిపోయాయో, ఎవరు మింగకుండా గూట్లో దాస్తున్నారో వాడంతటికీ తెలుసు. ఒకరు మరిచిపోతే నలుగురు గుర్తుచేసేవాళ్లు. ప్రాథమిక ఆరోగ్య సేవల సూత్రాలని మాకు ట్రైనింగ్‌లో రెండు రోజులు బోర్డు మీద రాసి చెప్పారు. ఆ రెండు రోజుల్లో అర్థంకానిది ఈ అరుగు మీద అర్థమైంది.

ఆ వాడలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన్ని పెద్దబాపు అని పిలిచేదాన్ని. చీర అంచు ఆయన నేసినట్టు ఇంకొకరు నేయలేరని వాడలో అందరూ ఒప్పుకునేవాళ్లు. బీపీ కూడా ఆయనకే అందరికంటే ఎక్కువ. అంకె కాస్త దిగిందంటే చాలు, గోలీ మానేసేవాడు. ఎందుకు మానేశావని ఒకసారి గట్టిగా అడిగాను.

"చీర దిగినంక గూడ నాడె ఆడిస్తమా బిడ్డా?" అన్నాడు. పడుగులో పేక దారాన్ని అటూ ఇటూ మోసుకుపోయేది నాడె.

"చీర ఒక్కటే దిగింది పెద్దబాపు. పడుగు ఇంక మగ్గం మీదనే ఉన్నది" అన్నాను. ఒక పడుగుకు చాలా చీరలు దిగుతాయని తెలిసిన వాడంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ తర్వాత రెండేళ్లు ఒక్క పూట కూడా మానలేదు.

అప్పుడు మాకు కొత్త భవనం వచ్చింది. సర్కారు జాగా ఊళ్లో దొరకలేదట. రెండు కిలోమీటర్ల అవతల, కాలువ దాటాక, చుట్టూ పత్తి చేలున్న చోట కట్టారు. టైల్సు, రంగులు, కొత్త కుర్చీలు, ఆరోగ్యం మీ గడప ముందుకే అని గోడకు పెద్ద బొమ్మ. ఆ గోడకు దగ్గర్లో ఒక్క గడప కూడా లేదు. పైన పటారం, లోన లొటారం అంటారే, అది మా దవాఖానను చూసే పుట్టిందేమో అనిపించేది. దాంతోపాటే ఫొటో హాజరు కూడా వచ్చింది. బస్సు దిగి ఉరుకులు పరుగుల మీద నడిస్తే తప్ప తొమ్మిదికి ఆ బోర్డు ముందుకు చేరలేను. మిషను రాత్రిపూట ఆ భవనం బీరువాలోనే ఉండాలి, గోలీలు అక్కడే ఇవ్వాలి. పడుగు పక్కనుంచే నడిచేదాన్ని. ఆగడానికి లేదు.

మండలంలో నెలకోసారి జరిగే మీటింగ్‌లో లేచి అడిగాను. వారానికి రెండు రోజులు పడుగు దగ్గర కూర్చుని, తర్వాత దవాఖానకు వస్తానని చెప్పాను. మమ్మల్ని అజమాయిషీ చేసే పెద్దసారు కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు.

"రోడ్డు మీద బీపీలు చూసేటట్టయితే ఇంత పెద్ద దవాఖాన ఎందుకు కట్టినట్టమ్మా?"

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానా అని ఈ రోజుకీ నా మీద నాకు మంట.

ఫొటో పంపాక మధ్యాహ్నం మిషను పట్టుకుని ఆ వాడకు పోయేదాన్ని. అప్పటికి అందరూ గుంటల్లో ఉండేవాళ్లు. పెద్దబాపు మగ్గం మీంచి తల కూడా ఎత్తేవాడు కాదు. బాగానే ఉన్నానని, గోలీలు మింగుతున్నానని, ఎండలో తిరగొద్దని నాకే బుద్ధి చెప్పి పంపేవాడు. చెయ్యి చాపమంటే రేపు చూద్దువులే అనేవాడు. కానీ రోగుల వివరాలు ఎక్కించే ఫోన్ యాప్‌లో అంకె వేయకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు. పోయిన నెల అంకెకు కాస్త అటూ ఇటూగా ఒకటి వేశాను. మందులు వాడుతున్నారా అంటే అవునని నొక్కాను. మూడు నెలలు అలాగే చేశాను. దీనికి నేను ఏ సాకూ చెప్పను.

ఆ మూడు నెలలూ ఆయన గోలీ ముట్టలేదు. అయిపోయాయి, తెచ్చుకోలేదు. కాలువ దాటి వెళ్లి రావాలంటే సగం రోజు మగ్గం ఆగుతుంది. ఆయన భార్య పెద్దమ్మ గొణిగితే చీర దిగిందన్న పాత మాటే ఆమెకూ చెప్పాడట. పడుగు దగ్గర నలుగురున్నారు గానీ, వెక్కిరించడానికి వాళ్ల దగ్గర అంకె లేదు.

ఒక పొద్దున పడుగు మీద కుంచె లాగుతుంటే ఆయన చేతిలోంచి కుంచె జారింది. వంగి అందుకోబోయి దారాల మీదే పడిపోయాడు. నాకు ఫోన్ వచ్చేసరికి నేను బోర్డు ముందు నిలబడి చీర కొంగు సర్దుకుంటున్నాను. ఆ రోజు ఫొటో కూడా ఉంది. అందులో నేను నవ్వుతున్నాను.

అంబులెన్స్‌లో నల్లగొండకు తీసుకుపోయారు. పక్షవాతమన్నారు. ప్రాణం దక్కింది. కాలు కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఆ చేత్తో తాడు లాగితేనే మగ్గంలో నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. చూడడానికి పోతే పెద్దమ్మ నన్ను కూర్చోమని చాయ్ ఇచ్చింది.

"నువ్వు పడుగు కాడ కూసున్నన్ని దినాలు ఆయనకేం గాలే బిడ్డా" అంది. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది.

వారం తర్వాత పెద్దసారు జీపులో వచ్చాడు. పేషంటు ఎలా ఉన్నాడని అడుగుతాడనుకున్నాను. ఫోన్ తీసి రికార్డు చూపించమన్నాడు. మూడు నెలల అంకెలు, మూడు అవునులు చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"రికార్డు క్లియర్‌గా ఉంది. మన మీదికి ఏం రాదు."

అవి నేను బీపీ చూడకుండా వేసిన అంకెలని ఆయన ముఖం మీదే చెప్పాను. ఈ మాట బయట అనొద్దని చెప్పి, ఉద్యోగం ఉండాలా వద్దా అని మెల్లగా అడిగి జీపెక్కాడు. ఒక మనిషి చెయ్యి పోయింది. ఆ చేతికి సంబంధించి అక్కడ ఎవరికీ ఏ ప్రశ్నా లేదు. కాగితం బాగుంటే మనిషి బాగున్నట్టేనట. ఆ రోజు జీపు లేపిన దుమ్ములో నిలబడి నాకు వచ్చిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ సాయంత్రమే మిషను, గోలీలు సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయాను. మర్నాడు బస్సు దిగి నేరుగా పడుగు దగ్గర కూర్చున్నాను. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టే. అయినా వీధిలో ఇంకా చాలా చేతులున్నాయి. తొమ్మిదింటికి ఫోన్ మోగింది, నేను తీయలేదు. అలా కొన్నాళ్లు గడిచాక మెమో వచ్చింది. పని వేళలో పని స్థలంలో ఎందుకు లేరో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

మర్నాడు ఆ అరుగు మీదే జవాబు రాశాను. పేజీ నిండా రాయాలని కూర్చున్నాను గానీ ఒక్క వాక్యమే వచ్చింది. నేను పని స్థలంలోనే ఉన్నాను. అదేంటని వాడవాళ్లు అడిగితే చదివి వినిపించాను. సాక్షులం మేము లేమా అని కాగితం తీసుకుని ఒకరి తర్వాత ఒకరు కింద సంతకాలు పెట్టారు.

పెద్దబాపు తన గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆ కాగితం ఇటు తెమ్మని సైగ చేశాడు. పెద్దమ్మ వేలిముద్ర చాలులే అంది. ఆయన తల అడ్డంగా ఊపి ఎడమచేత్తో పెన్ను పట్టుకున్నాడు. కాగితం కదలకుండా నేను పట్టుకున్నాను. మొదటి అక్షరం ఒరిగింది, రెండోది గీత దాటింది. ఎవరూ తొందరపెట్టలేదు. పడుగు మీద కుంచెలు ఆగాయి. ఆ సంతకం పూర్తయ్యేసరికి తొమ్మిది దాటింది. ఆ రోజు కూడా నేను ఫొటో పంపలేదు.