డిస్కు మీద వేలిముద్ర

హనుమకొండలో పరకాల బస్సెక్కి కూర్చున్నాక చూస్తే, పక్క సీటాయన ఒళ్లో బైకు ముందు చక్రం ఉంది. దానికి డిస్కు బ్రేకు. నున్నగా మెరిసేది ఏది కనిపించినా నా చెయ్యి ఊరుకోదు, ఆ డిస్కు మీద వేలు పెట్టాను.

"జర ఆగు సారూ. చేతి జిడ్డు అంటితె బ్రేకు మంచిగ పట్టది," అంటూ ఆయన భుజం మీది తువ్వాలతో ఆ చోటు తుడిచాడు.

ఆయన బండి పద్నాలుగేళ్లదట, డ్రమ్ము బ్రేకులదట. అదే బండి కొత్త మోడల్‌ది ఈ చక్రం పాత సామాన్ల దుకాణంలో దొరికిందట. దాన్ని బిగించే ఫోర్కులు కూడా కాళ్ల దగ్గర గోనెసంచిలో ఉన్నాయి.

"ఇన్నేండ్లు డ్రమ్ముతోనే నడిపినవ్ గదనే, గిప్పుడెందుకు?" అన్నాను.

"నాకు దాని సంగతి ఎరుకే. జర ఆలస్యంగ పడ్తదని ముందుగాల్నే నొక్కుత. సోమవారం సంది నా బిడ్డ దాని మీద నౌకరికి పోతది. నా అలవాటు ఆమెకు ఏడికెళ్లి వస్తది?"

పరకాల ఇంకా రాకముందే, చక్రం ఎక్కడా తగలకుండా ఎత్తి పట్టుకుని దిగిపోయాడు.

పరకాలలో నన్ను తీసుకెళ్లడానికి మా అబ్బాయి నా పాత బండి మీద వచ్చాడు. నన్ను చూసి ముందు బ్రేకు ఒకసారి నొక్కి వదిలి, మళ్లీ నొక్కి ఆపాడు. అలా రెండుసార్లు నొక్కితేనే పడుతుందని వాడికి నేర్పింది నేనే.