అడుగు లేని ఎర్ర కారు

సీట్లక్క రెండు సీట్ల స్పోర్ట్స్ కారును సొంత కాళ్లతో పరిగెత్తించుకుంటూ ఇంటికి తెచ్చుకుంది. ఇంజను తిప్పలేదు, చుక్క పెట్రోలు పోయలేదు. అడుగున ఉన్న కంతలోంచి రెండు కాళ్లూ రోడ్డు మీద ఆనించి, కోపంతో తన్నుకుంటూ పోతే, వెనక వస్తున్న లారీవాడు హారన్ కొట్టి కొట్టి విసుగెత్తి ఇంకో దారి చూసుకున్నాడు. షెడ్ల వీధిలో ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు. ఇల్లు చేరేసరికి చెప్పులు అరిగి పట్టీలు మాత్రమే మిగిలాయని కూడా అంటారు గాని, అది కాస్త ఎక్కువ.

ఆవిడకు యాభై నాలుగేళ్లు. కార్ల సీట్లు కుట్టడం పని. ముప్పై ఏళ్లుగా ఊళ్లో సగం వీపులు ఆవిడ కుట్టు మీదే ఆనుకుని తిరుగుతున్నాయి. సీటు చూసి దాని మీద కూర్చునేవాడి గుట్టు చెప్పేస్తుంది. అంచు నలిగి ఉంటే దిగడానికి తొందరపడే రకం, నడుమ గుంట పడితే బద్ధకిష్టి, వెనక జేబు ఆనేచోట చిరిగితే పర్సు లావు, మనసు సన్నం. కోపం కొందరికి ముక్కు మీద ఉంటుంది. సీట్లక్కకు అక్కడ చోటు చాలక కళ్లజోడు మీద కూడా ఎక్కి కూర్చుంటుంది.

ఆ ఎర్ర కారు అమ్మకానికి వచ్చిందన్న కబురు మోసుకొచ్చింది మరిది. భర్త తమ్ముడు; రేకు పనీ ఇంజను పనీ రెండూ వచ్చినవాడు. ఒకే షెడ్డులో ఆ పక్క అతని సుత్తి, ఈ పక్క ఈవిడ మిషను. కారు పళ్ల డాక్టరు గారిది. వయసు నలభై ఏళ్లు, పైకప్పు మడిస్తే వెనక్కి పోతుంది, ఆరేళ్లుగా కదల్లేదు. కొని పక్కన పెట్టుకుంటే తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో పనీ చేసుకుంటూ మళ్లీ రోడ్డెక్కించవచ్చని మరిది వారం రోజులు చెవిలో జోరీగలా తిరిగాడు.

వద్దనడానికి కారణాలు బోలెడు. మోకాళ్లు సహకరించవు, ఆ కారేమో ఎక్కడమంటే నేల మీద కూలబడటమే. షెడ్డు మూల నిండా స్పాంజి ముక్కలు. కూతురు ఫోనులో విని, ముందు ఇంట్లో సోఫా కుట్టమ్మా, తొమ్మిదేళ్లుగా స్ప్రింగు పొడుస్తోంది అని ఫోను పెట్టేసింది. కావాలనడానికి ఉన్నది ఒకే ఒక్క కారణం. ముప్పై ఏళ్లుగా ఆవిడ కుట్టినవన్నీ ఇంకొకరి ముచ్చటకి కుట్టినవే. పులిచారలు కావాలన్నవాడికి తిట్టుకుంటూ పులిచారలు కుట్టింది. మెరుపులు కావాలన్నవాడికి మెరుపులు. ఊళ్లో ఆవిడ కూర్చోని కారు లేదు, కాకపోతే అన్నీ ఆగి ఉన్న కార్లే. రెండంటే రెండు సీట్లు, తన ఇష్టప్రకారం కుట్టుకుని, తనే ఎక్కి, గేటు దాటి పోవాలని ఉంది. అంతే.

అందులోనూ ఆ కారుతో పాత తగాదా ఒకటి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట, ఎవరో వాడిన బండిగా కొనుక్కున్నప్పుడు, డాక్టరు దాన్ని షెడ్డుకే తెచ్చాడు. ఈవిడ మొదటినుంచి చివరిదాకా ఒంటరిగా చేసిన తొలి పని ఆ రెండు సీట్లు. పదకొండు రోజులు కూర్చుని కుట్టింది. డాక్టరు వచ్చి చూసి, మురిసిపోయి, ఈవిడ భర్త చెయ్యి పట్టుకుని ఊపాడు. భర్త ఆ మెప్పును కిమ్మనకుండా మింగేశాడు. సీట్లక్క నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అయిదో రోజు ఆయన దళసరి రేకు మీద నీలం రంగు కొట్టించి, తెల్లటి అక్షరాలతో బోర్డు రాయించి తెచ్చాడు. పెద్దగా ‘సీట్లక్క’. కింద చిన్నగా ‘కుట్టేది ఈవిడే’. ఊరికి ఆ పేరు అలా అంటుకుంది. ఆయన పోయాక, మరిది షెడ్డు పెంచి, పైన తళతళలాడే ప్లాస్టిక్ బోర్డు కట్టాడు. పాతదేదంటే, అటక మీద భద్రంగా ఉంది వదినా అన్నాడు. మోకాళ్ల నొప్పులతో అటక ఎవరు ఎక్కుతారు? నమ్మింది.

డాక్టరు గారింటికి ఇద్దరూ వెళ్లారు. మూడు పక్కలా గోడలు, ముందు ఇనుప షట్టరు ఉన్న గదిలో, దుప్పటి కింద కారు. దుప్పటి తీయగానే సీట్లక్క మొదట సీట్ల అంచు కిందికి వేళ్లు పోనిచ్చింది. జంట దారం, ప్రతి బెత్తెడుకీ ఒక ముడి. ఒక్కటీ వదల్లేదు. రేకుకి తుప్పు పట్టింది, రబ్బరు పెళుసెక్కింది, అద్దం చుట్టూ నాచు పట్టింది. కుట్టు మాత్రం మొన్న కుట్టినట్టే ఉంది. ఒక ముడిని గోరుతో నొక్కి చూసింది. సరిగ్గా అప్పుడే డాక్టరు నోరు విప్పాడు. విప్పింది మరిదితో.

"సీట్లు చూడండి మేస్త్రీ. మీ అన్నగారి చెయ్యే చెయ్యి."

మరిదికి నిజం తెలుసు. తెలిసీ తలాడించాడు.

అది మొదలు, ప్రశ్న ఈవిడది, జవాబు మరిదికి. ఇంజను ఎన్నేళ్ల నుంచి తిరగలేదని ఈవిడ అడిగితే, డాక్టరు మరిది భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. వాన నీరు లోపలికి దిగిందా అంటే, దిగలేదని మరిది చొక్కా గుండీలతో చెప్పాడు. గోడతో మాట్లాడితే గోడైనా ప్రతిధ్వనిస్తుంది. సీట్లక్క కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. షెడ్డులో ఆవిడ కళ్లజోడు తుడిచిందంటే పిల్లి కూడా బయటికి పోతుంది. మరిది గమనించలేదు. కింద రేకు ఉక్కులా ఉంది, ఇలాంటి బండి మళ్లీ దొరకదు వదినా అంటూ బానెట్టు ఎత్తి ఇంజను పొగడటంలో పడ్డాడు.

ఇంజనువాడు కారును ముందునుంచి చూస్తాడు. రంగులవాడు పక్కనుంచి చూస్తాడు. సీట్లు కుట్టేవాళ్లు మాత్రం సీటు విప్పి, కార్పెట్ ఎత్తి, అడుగు చూస్తారు. వానలో తడిసిన కారు దాచుకున్నదంతా అక్కడే ఉంటుంది. ఇన్నేళ్లు పక్కనే సుత్తి కొట్టినా, వదిన చేసే పనిలో మొదటి పనేమిటో మరిది ఏనాడూ చూడలేదు. చూసి ఉంటే ఆ కార్పెట్‌ను జిగురుతో అంటించి ఊరుకునేవాడు కాదు.

ఆవిడ మోకాళ్లు తిట్టుకుంటూ నేల మీద కూర్చుంది. డ్రైవరు సీటును వెనక్కి జరిపింది. కార్పెట్ మూల గోరుతో లేపింది. కొత్త జిగురు వాసన కొట్టింది. ఆరేళ్లుగా కదలని కారులో కొత్త జిగురేమిటనుకుంటూ బలంగా లాగింది.

కింద నీలం రంగు.

నీలం మీద తెల్లటి అక్షరాలు, తలకిందులుగా. ‘ట్లక్క’. దానితో పాటు చిన్నగా, పూర్తిగా, ‘కుట్టేది ఈవిడే’. చుట్టూ రివెట్లు.

మరిది బానెట్టు పక్కనుంచి తొంగి చూశాడు. చూసి, మొహం లోపలికి తీసుకున్నాడు.

"ఇటు రా," అంది.

వచ్చాడు. వచ్చి నెత్తి గోక్కుంటూ చెప్పుకొచ్చాడు. డాక్టరు గారు అడుగున పడ్డ తుప్పు కంత కొనేవాళ్లకి కనపడకుండా కిందేదైనా అడ్డం పెట్టమన్నారట. అంత మందం రేకు ఇప్పుడు బజారులో ఎక్కడా దొరకడం లేదట. అప్పటికి ఈ కారు వదినకే చూపించాలన్న ఆలోచన లేదట. తరవాత, ఎక్కడికో ఎందుకు పోవాలి, మన బోర్డు మన దగ్గరికే వస్తుందనిపించిందట. ఆ చివరి ముక్క విన్నాక సీట్లక్క చేతిలో ఉన్న కార్పెట్ ముక్కను నేలకేసి కొట్టింది.

"మన బోర్డా? నా పేరు కోసి, ఇంకొకడి కాళ్ల కింద పరిచి, దాని మీద జిగురు పూసి, తిరిగి నన్నే కొనుక్కోమన్నావు. అటక మీద భద్రంగా ఉందని ఎన్నిసార్లు చెప్పావయ్యా? వేలు మడిచి లెక్కపెట్టు."

మరిది చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"‘సీ’ ఏది?"

మాట రాలేదు.

"అడుగుతున్నది నిన్నే. మొదటి అక్షరం ఏం చేశావు?"

"చెత్త ఎత్తే రేకు వదినా. మన షెడ్డులోది. రంగు కిందికి పెట్టి వంచాను."

ఆరు నెలలుగా రోజూ సాయంత్రం దారపు ముక్కలు ఊడ్చి ఎత్తుతున్నది దాంతోనే. రేకు బాగా దళసరిగా ఉందని ఒకరోజు మెచ్చుకుంది కూడా. అది గుర్తొచ్చేసరికి కోపం అరికాలినుంచి మాడు దాకా పోయి, బయటికి దారి దొరక్క అక్కడే ఆగిపోయింది.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఆవిడకి నచ్చకపోతే వదిలేద్దాం మేస్త్రీ."

సీట్లక్క తల తిప్పింది.

"డాక్టరు గారూ, మీ దగ్గరికొచ్చేవాళ్లు నోరు తెరుచుకుని ఉంటారు గాని జవాబు చెప్పలేరు. మీకు అదే అలవాటైనట్టుంది. నేను చెప్పగలను. నాతో మాట్లాడండి. ముందు ఇలా వంగి, ఇక్కడ చిన్నక్షరాల్లో ఏముందో చదవండి. పైకి."

పెద్దమనిషి వంగాడు. తలకిందులుగా ఉన్నందుకు మెడ మెలికపెట్టి, కూడబలుక్కుని చదివాడు. "కుట్టేది ఈవిడే."

"ఇంకోసారి."

రెండోసారి ఆయన సీట్లకేసి చూస్తూ చదివాడు. ఆ తరవాత ఆయన నోట మేస్త్రీ అన్న మాట రాలేదు. అంతా అమ్మా, మీరు అనే. అడుగు లేని కారుకు ధర చెప్పడానికి నోరు రాక, మీ ఇష్టమమ్మా అని చేతులు నలుపుకున్నాడు.

సీట్లక్క మరిది చేత అక్కడికక్కడే డ్రిల్లు పెట్టించి పన్నెండు రివెట్లూ ఊడదీయించింది. ఒక్కోటి ఊడుతుంటే తుప్పు పొట్టులా రాలింది. బోర్డు పైకి తీసేసరికి గది నేల కనపడింది. కుళ్లు ఎక్కడిదాకా పాకిందో, గట్టి ఇనుము ఎక్కడ మొదలైందో వేలితో తడిమి తడిమి చూసింది. సీటు బిగించిన దూలం గట్టిగానే ఉంది. ఇంక వద్దంటుందని మరిది సామాను సంచి సర్దుకోబోయాడు.

"కొంటున్నాను," అంది. "సీట్లు నావి, అడుగున ఉన్న పేరు నాది. ఇన్నాళ్లూ ఈయన దగ్గరున్నది తాళం ఒక్కటే."

"అడుగు మొత్తం పోయింది కదా వదినా."

"పోయిందని ఇప్పుడు నాకు తెలుసు. కొత్త రేకు తెచ్చి నువ్వే వేస్తావు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను."

మరిది సంచి కింద పెట్టి, లాక్కెళ్లడానికి బండి పిలవనా అని అడిగాడు.

"ఎందుకు? నువ్వున్నావుగా."

డాక్టరు గారింటినుంచి షెడ్డుకి రెండు కిలోమీటర్లు. నడుమ ఒక ఎత్తు, రెండు మలుపులు. పక్క సీటులో బోర్డు నిలబెట్టి ఉంది. కూడలిలో పళ్లమ్మేవాడు ‘ట్లక్క’ అని చదివి, ఇదేం భాష అనుకున్నాడో. ఎత్తు ఎక్కేటప్పుడు వెనకనుంచి రొప్పు వినపడింది గాని ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

మొగుడితో నాలుగు రోజులే మాట్లాడలేదు. మరిదితో నలభై. ఆ నలభై రోజుల్లో అతను పలక పలకగా తుప్పు కోసి, కొత్త రేకు వేశాడు. ఆవిడ కుర్చీలోనే కూర్చుని, బాగా లేనిచోట కర్రతో పొడిచి చూపించింది. నోటితో ఒక్క ముక్క లేదు. చెత్త రేకును సుత్తితో సాపు చేసి, ‘సీ’ని తెచ్చి ‘ట్లక్క’ పక్కన అతికించమని కూడా కర్రే చెప్పింది. బోర్డు మళ్లీ షెడ్డు మీదికి ఎక్కింది. అతుకు వంకరగా పడింది. సాపు చేస్తానంటే వద్దని తలూపింది.

కారు ఇంకా పూర్తి కాలేదు. ఇంజను సగం విప్పి ఉంది. పాత సీట్లు విప్పనా మాననా అని ఆవిడ రోజూ వాటి ముందు నిలబడి తనని తనే తిట్టుకుంటుంది. సీటు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఆ కారు చూసి, కాళ్లతో నడుపుకొచ్చారటగా అక్కా అని అడిగితే, నోట్లో దారం కొరుకుతూ ప్రతివాడికీ ఒకటే చెబుతుంది:

"కాళ్లతో ఎవరు నడుపుతారు? మరిది తోశాడు. నేను స్టీరింగ్ పట్టుకున్నాను. లారీ ఏదీ రాలేదు."